గుండె వేగం తగ్గించే మాత్ర

మా అక్కకు పుట్టుకతో మాట లేదు, నడకా లేదు. ముఖం మీద నవ్వు మాత్రం ఎప్పుడూ ఉంటుంది. నొప్పి పుట్టినా అదే నవ్వు. చూడవచ్చిన బంధువులు "అదృష్టవంతురాలు, ఏ చింతా లేదు" అనేవాళ్లు. వాళ్ల నోళ్లు కుట్టేయాలనిపించేది నాకు.

కరోనా రోజుల్లో గిద్దలూరులో వేలికి తగిలించే ఆక్సిజన్ మిషను కొన్నాం. అక్కకు పన్ను పుచ్చి దవడ వాచినప్పుడు అందులో గుండె వేగం నూరు దాటడం అమ్మ కనిపెట్టింది. పన్ను పీకించాక దిగింది. ముప్పై ఏళ్లకు అక్క నోరు విప్పినంత సంబరపడ్డాం. అప్పటినుంచి ఆమె అన్నం మిగిల్చినా, మూలిగినా ముందు మిషను తగిలించేవాళ్లం.

నిరుడు అక్కకు గుండెదడ వచ్చింది. మార్కాపురంలో డాక్టరు వేగం తగ్గించే మాత్ర రాశాడు. ఆ తర్వాత ఎప్పుడు చూసినా డెబ్బై చుట్టుపక్కలే. అమ్మ కొబ్బరికాయ కొట్టింది.

ఈ ఎండాకాలం అక్క ఎడమకాలు బిగదీసుకుంది. నాయన మిషను పెట్టి చూశాడు.

"డెబ్బై రెండేరా. నొప్పేం లేదు. వాతం, కాలు పట్టేసింది అంతే."

కాలు పట్టేస్తే మా వైపు ఎవరైనా చేసేదే చేశాం. ఆముదం వెచ్చచేసి, అమ్మ నడుము పట్టుకుంటే నాయన తొడ నుంచి పాదం దాకా రుద్ది సాగదీసేవాడు. అక్క మూలిగితే "కొంచెం ఓర్చుకో తల్లీ" అనేవాళ్లం. రోజూ అదే.

తొడ వాచాక ఒంగోలు తీసుకెళ్లాం. తొడ ఎముక విరిగిందన్నాడు అక్కడి డాక్టరు. మంచంలోనే పెరిగినవాళ్ల ఎముకలు పెళుసట, పక్కకు తిప్పినా చాలట.

"మిషన్లో ఏం సూపియ్యలేదే సార్" అన్నాడు నాయన.

"ఆ మాత్ర వేసుకుంటే నొప్పి ఉన్నా గుండె అంతగా పరుగెత్తదు పెద్దాయనా."

"అట్లయితే మాత్ర ఆపేస్తాం సార్."

"ఆపితే ప్రాణానికే ముప్పు."

నాయన ఆస్పత్రి వరండాలో కూలబడి ఏడ్చాడు. నాకు ఏడుపు కూడా రాలేదు.

ఎముక అతుక్కుంటోంది. రేపు ఇంకోచోట విరిగినా మాకు తెలియదు. దేవుణ్ణి తిట్టే ఓపిక కూడా పోయింది నాకు. రోజూ పొద్దున నాయన మాత్ర నలిపి గంజిలో కలుపుతాడు.

"తల్లీ, యాడన్నా నొప్పి ఉందా?"

అక్క నవ్వుతుంది. నాయన తాగిస్తాడు.