ఆరు కంప్యూటర్లలో చేపలు

మా రైల్వే ఆఫీసు హెడ్‌క్లర్కును అందరం బడాబాబు అనేవాళ్లం. ఖరిదా బజారులో కొన్న ప్రతి చేపకూ ఫొటో తీసి, కంప్యూటరు తెర మీదే దాచుకునేవారు.

నెట్‌వర్కు వచ్చాక, ఏ సీట్లో లాగిన్ అయినా ఎవరి తెర వాళ్లకు వస్తుందని, ఆఫీసు కంప్యూటర్లు చూసుకునే నేను చెప్పాను. ఆయన నమ్మలేదు. ఆరు సీట్లూ తిరిగారు.

"ఏటి బాబూ, నా సేపలు ఇక్కడికీ వచ్చీసినాయి!" అని ఆరుసార్లూ ఆశ్చర్యపోయారు.

అలా ఆయన కూర్చున్న ప్రతి మెషీనులోనూ ఆ ఫొటోల నకలు మిగిలిపోయింది. ఆయన రిటైరయ్యాక వాటిని తుడిచే పని నాకు పడింది.

ఐదింట్లో తుడిచాను. ఆయన పాత సీట్లో మాత్రం తుడవడానికి చెయ్యి రాలేదు. ఇప్పుడక్కడ కూర్చునే కొత్త క్లర్కు దీదీ, డిస్కు నిండిపోయిందని రోజూ గొణుగుతుంది.

నేను సర్వరును తిడతాను.