నాలుకకు నచ్చిన సెల్లు

ఉదయగిరి ప్రేమానందం నాలుకకు ఆనించి రుచి చూడందే టార్చి సెల్లు కొనడు.

రాగితీగ ఒక కొసను సెల్లు అడుగున నొక్కిపెట్టి, రెండో కొసనూ సెల్లు నెత్తినీ కలిపి నాలుక మీద పెట్టుకుంటాడు. కళ్లు మూస్తాడు. కాసేపటికి తల అడ్డంగా ఊపి, "పులుపు చాల్లేదు" అంటాడు. ఇంకోటి అందుకుంటాడు.

ఆత్మకూరు బస్టాండు ఎదుట చిల్లర అంగడి నడిపే రామసుబ్బమ్మకు అది చూస్తే ఒళ్లు జలదరించేది.

"అవి సెల్లులా, చింతకాయలా? నువ్వు ఎంగిలి చేసినవి ఇంకెవురు కొంటారు?"

"తుడిచి పెడతాను శెట్టెమ్మా. మిషనుది సున్నితమైన కడుపు. పాచిపోయిన కరెంటు పెడితే కక్కుకుంటది."

ఆ మిషనుకో కథ ఉంది. ప్రేమానందం పటాలంలో మందుపాతరలు వెతికే పని చేశాడు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక మద్రాసులో పాత మిలిటరీ సామాను వేలంలో అలాంటి యంత్రమే ఒకటి పాడుకొచ్చాడు. పొడుగాటి కర్ర, కొసన పళ్లెం, చెవులకు పెట్టుకునే డిప్పలు. కింద లోహం ఉంటే చెవిలో కుయ్యిమంటుంది. దాంతో నిధుల కోసం ఉదయగిరి కోట కొండంతా తిరిగాడు. రాజుల బంగారం సంగతేమో గాని, వాళ్లు మేకులు మాత్రం ధారాళంగా పారేసుకున్నారని తేలింది.

రామసుబ్బమ్మ భర్త పోయి మూడేళ్లు. అంగట్లో అన్నీ ఉన్నాయి, బోణీ తప్ప. విధవరాలి చేతి మీదుగా పొద్దున్నే మొదటి బేరం చేయడానికి ఎవరికీ మనసొప్పదు. ఇంకెవరైనా ముందు కొంటే తామూ కొందామని రోడ్డుకవతల తచ్చాడేవారు. ఆ ఇంకెవరో వచ్చేవారు కాదు. రాత్రి తలుపులేశాక ఆమెకు మాట్లాడే మనిషి లేడు. సర్దిన తూకం రాళ్లే మళ్లీ సర్దుకునేది.

నెల్లూరు నుంచి మరిది ఆదినారాయణ వచ్చి చెప్పిపోయాడు. "ఉగాది దాకా చూస్తా వదినా. అప్పటికీ ఇట్నే ఉంటే అంగడి నాకొదిలేసి, మా ఇంట్లో ఒక మూల కూచుందువు."

ఆ మూల ఆమె చూసింది. ఇప్పుడక్కడ రోకలి ఉంది.

ప్రేమానందం రుచులు మొదలైంది ఆ తర్వాతే. సంత రోజున మొదటి బస్సు దిగి నేరుగా అంగడికొచ్చేవాడు. అతని నాలుక చూడ్డానికి జనం మూగేవారు.

"ఏం ప్రేమానందం, ఉప్పు సరిపోయిందా?"

"ఉప్పు సరే. తిరగమాతే సరిగా పడలా."

నవ్వుతూ నిలబడ్డవాళ్లు సబ్బో, అగ్గిపెట్టో కొనుక్కుని పోయేవారు. పిచ్చోడైనా కలిసొచ్చే పిచ్చి అనుకునేది రామసుబ్బమ్మ.

ఉగాది దగ్గరపడింది. ఒకరోజు పొయ్యిలో బూడిదతో పాటు, కొంగు ముడి జారి అందులో పడ్డ ఇనప్పెట్టె తాళంచెవి కూడా చూసుకోక పెరట్లో కుప్ప మీద పోసేసింది. మరిది వచ్చి పెట్టె తెరవమంటే? తాళంచెవి పారేసుకున్న మనిషికి అంగడెందుకు అనడూ?

"నీ మిషను తెచ్చి వెతికిపెట్టు ప్రేమానందం."

అతని ముఖం వాడిపోయింది. "దానికి జలుబు చేసుండాది శెట్టెమ్మా."

"పోయిన వారమేగా కొత్త సెల్లు తీసకపోయినావు?"

"ఆ సెల్లు వల్లనే జలుబు."

"అట్టనే తే. కషాయం కాస్తాను."

మరునాడు తెచ్చాడు. డిప్పలు చెవులకు తగిలించుకుని బూడిద కుప్ప చుట్టూ గంభీరంగా నడిచాడు. దారిలో పడి ఉన్న ఇనప బొక్కెన మీదుగా పళ్లెం పోయింది. అతను ఆగలేదు.

"బొక్కెన కూడా కనపడలేదా దానికి?"

"దినామూ చూసేదే గదా అని పలకరించలా."

రామసుబ్బమ్మ డిప్పలు లాక్కుని చెవికి ఆనించుకుంది. రాత్రి తలుపులేశాక తన ఇంట్లో ఉండే నిశ్శబ్దమే అందులోనూ ఉంది.

"ఇది చచ్చి ఎన్నాళ్లయింది?"

"నిరుడే. దీంట్లో పెద్ద బ్యాటరీ ఇంకోటుండాది. అది మద్రాసులో కూడా దొరకడంలా." మిషను గోడకానించి, జల్లెడ తీసుకుని బూడిద ముందు చతికిలబడ్డాడు.

"మరి వారం వారం సెల్లులెందుకు కొన్నావు?"

అతను తలెత్తలేదు. "మాకు శకునాల పట్టింపు లేదమ్మా. ఎవురో ఒకరు ముందు కొనాల గదా."

ఆమె బొక్కెన తీసి దూరంగా పెట్టింది. మళ్లీ తెచ్చి దగ్గర పెట్టింది.

"దానికి ఇంత నాకడం ఎందుకు? ఉప్పు కొనకూడదా?"

"ఉప్పు రుచి నిమిషంలో తేలిపోద్ది. నలుగురు చేరేదాకా నిలబడాల గదా!"

జల్లెడలో తాళంచెవి గలగలమంది.

ఉగాదికి ముందు సంతనాడు ఆదినారాయణ వచ్చాడు. అంగడి ముందు జనం, మధ్యలో నాలుక మీద సెల్లుతో ప్రేమానందం. నోరు తెరవబోతే రామసుబ్బమ్మ చేయెత్తింది. "ఆగు నాయనా, బేరం జరగతా ఉండాది."

అంగడి సంగతి తేల్చడానికొచ్చినవాడు జనం వెనక నిలబడ్డాడు. కాసేపటికి మునివేళ్ల మీద లేచాడు. ఇంకాసేపటికి అందరినీ తోసుకుంటూ ముందుకొచ్చాడు.

"ఆ మూలనుండే సెల్లు బాగుండేట్టుండాది వదినా! దాన్ని నాకి చూడమను!"