ఆదివారం నాలుగు గంటల ఆకుపచ్చ గడి

రాష్ట్రం కొత్తగా విడిపోయిన రోజుల్లో భిలాయిలో చాలామందికి ఒకటే పని. మధ్యప్రదేశ్ అని అచ్చయిన కాగితాల మీద ఆ మాట కొట్టేయడం, పైన ఛత్తీస్‌గఢ్ అని రాయడం, పక్కన సంతకం పెట్టడం. సెక్టర్ 4లో మా తెలుగువాళ్ల హాలుకు కూడా ఒక అట్టపెట్టెడు పాత లెటర్‌హెడ్లు ఉండేవి. కమిటీ ప్రెసిడెంటు వాటిని పారేయనివ్వలేదు. మూడు సాయంత్రాలు కూర్చుని ఒక్కొక్కటీ కొట్టేసి సంతకం పెట్టాడు. ఒక రాష్ట్రాన్ని అంత ఓపిగ్గా రద్దు చేసిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆయన స్టీలు ప్లాంటు బ్లాస్ట్ ఫర్నేసులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. నేను మావయ్యా అని పిలిచేవాణ్ణి. చుట్టరికం ఏమీ లేదు, ఇద్దరి తాతలూ విజయనగరం వైపు నుంచి వచ్చారు, అంతే. ఉద్యోగం ఆయన్ని వదిలింది కానీ ఆయన దాన్ని వదల్లేదు. హాలుకు ఉన్నవి నాలుగే స్తంభాలు. వాటికీ ప్లాంటులో షెడ్డు స్తంభాలకు వేసినట్టు నంబర్లు వేయించాడు. "చీపురు ఎక్కడుంది?" అంటే "పిల్లర్ నంబర్ మూడు" అనేవాడు, చీపురు కళ్లెదుటే కనిపిస్తున్నా సరే.

ఆయన దగ్గర ఒక కథ ఉండేది. ప్లాంటులో మిషను ఆపి లోపల మనిషి పని చేస్తుంటే, స్విచ్చుకు ఒక ఎర్ర ట్యాగ్ కడతారు. 'మనుషులు పనిలో ఉన్నారు' అని దాని మీద ఉంటుంది, కింద కట్టినవాడి పేరు. కట్టినవాడే దాన్ని విప్పాలి, ఇంకెవడూ ముట్టుకోకూడదు. ఒకసారి ఒక ఫిట్టరు ట్యాగ్ కట్టి, పని ముగించి, దాన్ని మరచిపోయి టీకి వెళ్లాడట. పెద్ద సారు స్వయంగా వచ్చి "తీసేయండి, టైము పోతోంది" అన్నాడట. మా మావయ్య తీయలేదట. ఆ ఫిట్టరు టీ తాగి, బీడీ కాల్చి వచ్చేదాకా సారుని నిలబెట్టాడట. ఈ కథ హాలుకు వచ్చేవాళ్లందరికీ కంఠస్థం. కొందరికి ఆ ఫిట్టరు ఏ బీడీ కాల్చాడో కూడా తెలుసు.

ఇక నా సంగతి. బీఎస్సీ అయింది, కంప్యూటరు డిప్లొమా అయింది, ఆ తర్వాత ఏమీ అవలేదు. అప్పుడే ఏదో ఆఫీసువాళ్లు వద్దనుకున్న ఒక కంప్యూటరు హాలుకు వచ్చి పడింది. మా హాలు అందరిదీ. శనివారం చర్చివాళ్ల పాటల ప్రాక్టీసు, గురువారం భజన, రెంటికీ కలిపి ఒకటే హార్మోనియం. అది దేవుళ్ల విషయంలో ఎప్పుడూ గొడవ పెట్టలేదు కానీ, ఎప్పుడూ పెట్టినచోట ఉండేది కాదు. బీరువాలు అయిదు, వాటి తాళాలు ఎనిమిది. ఎందులో ఏముందో, ఏ వేళ హాలు ఎవరిదో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క తెలుసు.

"ఇదంతా కంప్యూటర్లో పెట్టేస్తాను మావయ్యా" అన్నాను. బదులుగా ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఒకటి రాసివ్వమన్నాను. ఆయన ఒప్పుకున్నాడు.

నేను చేసింది చెప్పుకోవడానికి తేలికే. తెర మీద హాలు బొమ్మ గీశాను. బొమ్మలో రెండో బీరువా మీద నొక్కితే ఇంకో పేజీ తెరుచుకుని, అందులో ఏమేం ఉన్నాయో చెబుతుంది. అక్కడ హార్మోనియం అన్న నీలం మాట మీద నొక్కితే అది ఏ రోజు ఎవరి దగ్గర ఉంటుందో చెబుతుంది. ఆ మనిషి మీద నొక్కితే ఆయన క్వార్టరు నంబరు వస్తుంది. నిజం బీరువాకు కూడా ఒక అట్టముక్క తగిలించి 'పేజీ 2 చూడండి' అని రాశాను. గది నుంచి తెరకు, తెర నుంచి గదికి దారులు వేశానని నా గర్వం. ఒక చిన్న లోపం మాత్రం ఉండేది. కంప్యూటరును మూడో బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లం. మూడో బీరువా తాళం ఎక్కడుందో కంప్యూటర్లో ఉండేది.

వారం మొత్తాన్నీ గళ్లుగా గీశాను. ఎవరైనా వాడుకునే వేళ ఎర్ర గడి, ఖాళీగా ఉంటే ఆకుపచ్చ. వివరాల కోసం ఇంటింటికీ ఫారాలు పంచాను. ఫారంలో ఏ గడి ఎదుట చూసినా నిల్, నిల్ అని ఉంటే ఆ వేళ ఎవరిదీ కాదని లెక్క. ఈ సూత్రం నేనే కనిపెట్టాను. ఆ రోజుల్లో నా జీవితానికి ఎవరైనా గడి గీసి ఉంటే అదీ ఆకుపచ్చే.

ఆదివారం నాలుగు నుంచి ఆరు దాకా హాల్లో ఒక ఆంటీ పిల్లలకు తెలుగు నేర్పేది. శ్రీకాకుళం నుంచి పెళ్లయి వచ్చిన మనిషి. ఆవిడ భర్త ప్లాంటులో ఎలక్ట్రీషియను. తొమ్మిది మంది పిల్లలు, నేల మీద చాప, గోడకు ఒక నల్లబల్ల. పిల్లలు 'క' రాసి 'కబూతర్' అనేవాళ్లు. ఆవిడ ఓపిగ్గా ఆ హిందీ పావురాన్ని కాకి చేసేది.

నా ఫారం ఆవిడ ఇంటికి వెళ్లినప్పుడు నింపింది భర్త. ఇరవై ఏళ్లుగా షిఫ్టు దిగేముందు లాగ్‌బుక్ రాస్తున్న చెయ్యి అది. పరికరాలు: నిల్. బీరువా: నిల్. ఫీజు: నిల్. కమిటీ అనుమతి పత్రం: నిల్. ఇతర విషయాలు: నిల్. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ప్లాంటులో నిల్ అంటే అంతా సవ్యంగా నడుస్తోందని అర్థం. నా కంప్యూటర్లో మాత్రం అక్కడ ఎవరూ లేరని అర్థం.

ఫారం చూసి గళ్లు నింపింది నేనే. ఆ వేళ హాల్లో నుంచి వినిపించే కాకి, కబూతర్ కేకలు నేను చిన్నప్పటి నుంచి వింటున్నవే. అయినా ఫారంలో నిల్ ఉంది కదా అని ఆకుపచ్చ వేశాను. చదువుకున్నవాణ్ణి మరి.

కంప్యూటరు చూపించిన రోజున మావయ్య కళ్లద్దాలు సర్దుకుని గళ్ల మీద వేలు నడిపించాడు. వేలు ఆదివారం దగ్గర ఆగింది.

"ఇది ఖాళీయేనా? మా మనవడు ఆ వేళకి ఇటే వస్తాడే?"

"అలాగే చూపిస్తోంది మావయ్యా."

"పక్కా?"

సర్టిఫికెట్ ఇంకా ఆయన చేతిలోనే ఉంది. "పక్కా" అన్నాను.

మూతపడిన ఏదో క్లబ్బు నుంచి ఆయన ఎప్పుడో ఒక టేబుల్ టెన్నిస్ బల్ల సంపాదించి ఉంచాడట. వారంలో అది హాలు మధ్యకు వచ్చింది. ఆదివారం నాలుగింటికి తెల్ల కాన్వాసు బూట్లు వేసుకుని, తన ఈడు రిటైర్డు మనిషినొకణ్ణి వెంటబెట్టుకుని ఆయనా వచ్చాడు. అదే వేళకు చాప చంకలో పెట్టుకుని ఆంటీ, వెనకాల తొమ్మిది మంది పిల్లలూ.

"ఆంటీ, హమ్ భీ ఖేలేంగే క్యా?" అని, తామూ ఆడొచ్చన్న ఆశతో పిల్లలు బల్ల చుట్టూ మూగారు. వాళ్లకు ఈ మార్పు బాగా నచ్చింది.

"అన్నయ్యగారూ, ఇదేటి? ఇది మా టైము గదా" అంది ఆంటీ.

"కంప్యూటర్లో ఖాళీ అని ఉందమ్మా" అన్నాడాయన, పాపం మర్యాదగానే.

ఆవిడ నా వైపు తిరిగింది. "ఏటి బావూ, నీ డబ్బాకి మేం కనబడ్లేదా? ఇంతమందిమి ఉన్నాం, ఇంత గోల సేస్తాం."

"ఫారంలో నిల్ అని ఉందాంటీ."

"మా ఆయన పెళ్లిసూపుల్లో కూడా అలాగే సెప్పినాడు, ఏ అలవాట్లూ నిల్ అని. నువ్వు కళ్లతో సూసుకోవాల గదా."

ఆ రోజు పిల్లలు బంతులు ఏరారు. అక్షరాలు: నిల్.

ఆ సాయంత్రమే మావయ్యతో అన్నాను, తప్పు నాది, ఒక్క నిమిషంలో ఆ గడి ఎర్రగా మార్చేస్తానని. ఆయన భయంగా చూశాడు.

"మారిస్తే పాతది కనబడుతుందా?"

"కనబడదు. అసలు మార్చినట్టే తెలియదు."

"ఓరి నాయనా! లాగ్‌బుక్కులో గీకి రాసినవాడికి ఛార్జిషీటు ఇచ్చేవాళ్లురా మేం. తప్పయితే అడ్డంగా ఒక గీత కొట్టాల. కింది అక్షరం కనబడాల. పక్కన సంతకం ఉండాల. నీ దాంట్లో సంతకం ఎక్కడ పెడతావు? ఆ తెర గ్లాసు మీదా?"

ఒక రాష్ట్రం పేరు మార్చడానికి మూడు సాయంత్రాలు సంతకాలు పెట్టిన మనిషితో వాదించే శక్తి నాకు లేదు. నిజం చెప్పాలంటే వాదించాలని గట్టిగా అనుకోనూ లేదు. సర్టిఫికెట్ ఇంకా రాలేదు.

తర్వాతి ఆదివారం ఆంటీ క్లాసును ఇంట్లో పెట్టింది. వాళ్లది చిన్న క్వార్టరు. భర్తకు ఆ వారం నైట్ షిఫ్టు, మధ్యాహ్నమంతా నిద్ర. తొమ్మిది మంది ఒక్కసారి గుణింతం ఎత్తుకునేసరికి ఆయన ఉలిక్కిపడి లేచాడు, సైరను మోగిందనుకుని బూట్లు వేసుకున్నాడు, సైకిలెక్కి ప్లాంటు గేటు దాకా వెళ్లిపోయాడు. నాలుగున్నరకు నైట్ డ్యూటీకి వచ్చినవాణ్ణి చూసి గేటు దగ్గర గార్డు, ఒంట్లో బాగుందా అని అడిగాడట. పిల్లల్లో ఇద్దరి తల్లులు ఆ సాయంత్రమే చెప్పేశారు, ఆయన నిద్ర పాడుచేయడం మాకు బాగోదు, మానిపించేస్తామని. ఇంకో ఆదివారం ఇలాగే గడిస్తే క్లాసు ఉండదని అందరికీ అర్థమైంది.

మూడో ఆదివారం ఏం జరుగుతుందోనని నేను ముందే వెళ్లాను. నాకంటే ముందే ఆంటీ ఉంది. టేబుల్ టెన్నిస్ బల్ల చుట్టూ తొమ్మిది మంది పిల్లలు నిలబడి, దాని మీద నోటుబుక్కులు పరుచుకుని రాసుకుంటున్నారు. నెట్టుకు ఇటు వైపు అచ్చులు, అటు వైపు హల్లులు. నెట్టు కమ్మీకి రాగితీగతో ఒక ఎర్ర ట్యాగ్ కట్టి ఉంది. ప్లాంటు ట్యాగ్ కొలతలకు కత్తిరించిన అట్ట, దాని మీద ఎర్ర రంగు. కట్టు మాత్రం ఎలక్ట్రీషియను వేసే కట్టే, చూస్తే తెలుస్తుంది.

నాలుగింటికి మావయ్య బ్యాటు తిప్పుకుంటూ వచ్చాడు. ట్యాగ్ చూశాడు. బ్యాటు ఆగింది. ఆయన కాళ్లు బల్లకు మూడడుగుల దూరంలోనే ఉండిపోయాయి. అంతకంటే దగ్గరకు రావడానికి అవి ముప్పై అయిదేళ్లుగా అలవాటు పడలేదు.

"ఎవరు కట్టినారిది?"

"పనిలో ఉన్నోళ్లు" అంది ఆంటీ.

"దాని మీద నీ పేరా?"

"నాదెందుకుంటాది? నాను మేస్త్రీని. పని సేస్తున్నది ఈ గుంటలు. ఎవుళ్ల ట్యాగ్ మీద ఆళ్లే పేరు రాయాల గదా, మీరే సెప్తారు."

ఆయన దూరం నుంచే వంగి చదివాడు. ట్యాగ్ నిండా తొమ్మిది పేర్లు, తెలుగులో, ఒక్కొక్కటి ఒక్కో దిక్కుకు వాలుతూ. చదవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. ఆరో పేరు దగ్గర ఆగి తలెత్తాడు. అది ఆయన మనవడిది. వాడు బల్లకు ఆ చివర 'ఱ' రాయడానికి నాలుక బయటపెట్టి కష్టపడుతున్నాడు.

"వీడు రాసిందేనా?"

"దాదాజీ, డిస్టర్బ్ మత్ కరో" అన్నాడు మనవడు.

వెంట వచ్చిన రిటైర్డు మనిషి విసుక్కున్నాడు. "అట్టముక్కే కదండీ, తీసేద్దురూ. వెలుతురు పోతే ఆడలేం."

మావయ్య ఆయన వైపు చూసిన చూపును పూర్వం ఆ పెద్ద సారు కూడా చూసే ఉంటాడు.

"కట్టినవాడే విప్పాల" అన్నాడు. తర్వాత బూట్ల తాడు ఊడిందో లేదో చూసుకుని, గోడ వారగా ఉన్న బెంచీ మీద కూర్చున్నాడు. ఆరింటి దాకా కూర్చున్నాడు. మధ్యలో ఒకసారి ఒక పిల్లకు "అలా కాదు, పైన తలకట్టు పెట్టు" అని కూడా చెప్పాడు.

ఆరయింది. పిల్లలు పుస్తకాలు మూసి పరిగెత్తారు. ట్యాగ్ విప్పమని ఎవరూ వాళ్లకు చెప్పలేదు. ఆంటీ చెప్పలేదు, అది ఊహించిందే. మావయ్యా చెప్పలేదు. అది నేను ఊహించలేదు.

మర్నాడు నన్ను పిలిచి, ఆ గళ్ల పేజీని ప్రింటు తీయమన్నాడు. ఆదివారం నాలుగు గంటల గడిలో 'ఖాళీ' అన్న మాట మీద అడ్డంగా ఒక గీత కొట్టాడు, కింది అక్షరాలు కనబడేలా. పైన 'మనుషులు పనిలో ఉన్నారు' అని రాసి, పక్కన సంతకం పెట్టి, నా చేత కూడా పెట్టించాడు. ఆ కాగితాన్ని మూడో బీరువా పక్కనే గోడ మేకుకు తగిలించాడు. ఆ రోజు నుంచి హాలు ఎవరికి ఏ వేళ కావాలన్నా ఆ కాగితమే చూశారు. కంప్యూటరు చూడాలంటే మూడో బీరువా తాళం దొరకాలి.

నా సర్టిఫికెట్ కూడా అప్పుడే ఇచ్చాడు. కొట్టేసిన లెటర్‌హెడ్డు మీద, మధ్యప్రదేశ్ కింద నుంచి కనబడుతూ. 'పని సంతృప్తికరం. ఇతర విషయాలు: నిల్.' దాన్ని పొగడ్తగా తీసుకోవాలో, నన్ను ఆకుపచ్చగా లెక్కేశాడో ఇప్పటికీ తేల్చుకోలేదు.

తెలుగు క్లాసు ఆ బల్ల మీదే చాలా ఏళ్లు నడిచింది. టేబుల్ టెన్నిస్ బుధవారానికి మారింది. అప్పుడు ట్యాగ్‌ని నెట్టు కమ్మీ నుంచి బల్ల కాలికి జరిపి కట్టుకోవడానికి మావయ్య ఆ తొమ్మిది మంది దగ్గరా విడివిడిగా అనుమతి తీసుకున్నాడు. విప్పడానికి మాత్రం ఎవరూ అడగలేదు. ఆ తొమ్మిది మందిలో ఇప్పుడు ఇద్దరు రాయ్‌పూర్‌లో, ఒకమ్మాయి దగ్గర్లోని సున్నపురాయి గనుల ఆఫీసులో, మిగతావాళ్లు తలో ఊళ్లో ఉన్నారు. రంగు వెలిసిపోయిన ఆ అట్ట ఇంకా బల్ల కాలికే ఉంది. నియమం ప్రకారం తొమ్మిది మందీ ఒకేసారి వచ్చి విప్పితే తప్ప పని ముగిసినట్టు కాదు.