వాడని దండ

సల్యాన్ బజారులో బస్సులు ఆగేచోట దిల్‌సరా పూలదండలు గుచ్చుతుంది. సూది పెదవుల మధ్య ఉంటుంది కనుక, బేరమాడేవాళ్ళకు కనుబొమలతోనే జవాబు. "ప్రభుత్వం మళ్ళీ పడిందటక్కా, నీకు పండగే!" అని టీకొట్టువాడు ఎకసెక్కమాడితే నవ్వదు, కొత్త మంత్రి దండకని దారం కాస్త పొడుగ్గా తెంచుకుంటుంది. ఆమె వెనక మేకుకు మాత్రం ఎప్పుడూ ఒక బొగడబంతి దండ వేలాడుతుంది. భాయ్‌టీకా పండగనాడు తమ్ముడి మెడలో వేయాల్సిన దండ అది, ఏడాదైనా వాడదు. తుపాకీ పట్టి అడవికి వెళ్ళిన తమ్ముడు, దళాలకూ ప్రభుత్వానికీ శాంతి ఒప్పందం అయ్యాక కూడా రాలేదు; వస్తాడని ఏటా కొత్తది గుచ్చి, పాతది ఏట్లో వదులుతుంది.

మొన్న కొత్త మంత్రి మనుషులు వచ్చారు. ఆ మంత్రి ఒకప్పుడు అదే అడవిలో దళనాయకుడు. "బంతిపూలు సాయంత్రానికే వాడిపోతాయి. ఆ బొగడబంతి దండ ఇవ్వక్కా, మావాడు ఈసారైనా నాలుగు రోజులు నిలవాలి," అన్నాడొకడు.

"అది మా తమ్ముడిది," అంది దిల్‌సరా, పెదవుల మధ్య సూది అలాగే ఉంచుకుని.

"అయితే తమ్ముణ్ణి పిలువు, వాణ్ణే అడుగుతాం."

దిల్‌సరా సూది తీసి పూలబుట్టకు గుచ్చింది. "మీ మంత్రి ఆనాడు మా గడపలో నిలబడి రొట్టె అడిగాడు, పెట్టాను. అందరికీ మంచిరోజులు తెస్తానన్నాడు, తమ్ముణ్ణి పంపాను. దండ మాత్రం ఇవ్వను బాబూ."