వాగు అవతలివాడి ఇంటి పేరు

ఈ ప్రపంచంలో నేను పండితుణ్ణని ధైర్యంగా చెప్పుకోగలిగిన విషయం ఒకే ఒక్కటి ఉంది. జర్మనీలో బహు కొద్దిమందికి మాత్రమే ఉన్న ఒక ఇంటి పేరు ఎక్కడ పుట్టింది, ఇప్పుడు ఏయే మూలల్లో మిగిలింది అన్నది. మా వంశంలో ఇంతవరకు ఎవరికీ అబ్బని విద్య ఇది. దీనివల్ల నాకు జీతం పెరగలేదు, పెళ్లి కాలేదు. పెళ్లి కాకపోవడంలో తప్పు జర్మనీ వాళ్లది కాదు, పూర్తిగా నా నోటిది.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లో నేను హైటెక్ సిటీలో ఒక కంపెనీలో టెస్టర్‌ని. ఒకరు రాసిన ప్రోగ్రాములో ఇంకొకరు తప్పులు పట్టడమే టెస్టింగు. కడప జిల్లాలో ఉన్న మా నాయన ఈ ముక్క విని, "తప్పులు పట్టేదానికి జీతమిస్తారా? మీ యమ్మ ఇన్నేండ్లు ఊరికే పట్టిందే" అన్నాడు. మా కస్టమర్ ఒక జర్మన్ పెద్దాయన. ఆయన వెబ్‌సైటులో ఎవరైనా తమ ఇంటి పేరు టైపు చేస్తే దాని అర్థం, పుట్టుక చెప్పి, ఆ పేరున్న కుటుంబాలు ఉన్నచోటల్లా దేశపటం మీద ఎర్ర చుక్క పెట్టాలి. పాత టెలిఫోన్ డైరెక్టరీలే ఆ చుక్కలకు ఆధారం.

పిండిమర వాడు, కమ్మరి లాంటి అర్థాలున్న పేర్లు కొడితే పటమంతా తట్టు పోసిన పిల్లాడి ఒళ్లులా ఎర్రబడిపోయేది. అందులో ఏ చుక్క తప్పో, ఏది ఒప్పో ఎవడికి తెలుసు? అందుకని పెద్దాయన పరీక్ష కోసం తన ఇంటి పేరే ఇచ్చాడు. చాలా అరుదైన పేరు, నాలుగైదు చుక్కలు పడతాయి, చూసుకోవడం తేలిక అన్నాడు. ఆ పేరుకు అర్థం 'వాగు అవతల ఉండేవాడు' అట.

కొట్టి చూశాను. దక్షిణాన కొండల్లో కొన్ని చుక్కలు పడ్డాయి. అవి ఆయన తాతముత్తాతల ఊళ్లు. కానీ ఉత్తరాన సముద్రపు ఒడ్డున కూడా ఇంకో గుంపు కనిపించింది. మధ్యలో దేశమంతా ఖాళీ. నేను గొప్ప తప్పు దొరికిందని సంబరపడిపోయి, 'ఒక కుటుంబం రెండుచోట్ల పడుతోంది, వెంటనే సరిచేయాలి' అని రాసి, అత్యంత తీవ్రమైన లోపం అని గుర్తు కూడా పెట్టాను. నా బుర్రకు ఇంకో ఆలోచన తట్టనే లేదు. ఇంటి పేరు ఒకటైతే ఒకే ఇంటివాళ్లు, దాయాదులు. ఇంత దూరం ఎందుకు పోతారు, పోయినా దారిలో ఒక్కడైనా ఆగడా?

మధ్యాహ్నం ఫోనులో పెద్దాయన ఓపిగ్గా చెప్పాడు. వాగు లేని సీమ లేదు, అవతలి గట్టు లేని వాగూ లేదు. దక్షిణాన ఒక వాగు అవతల ఉన్నవాణ్ణి ఊరివాళ్లు అలా పిలిచారు, ఉత్తరాన ఇంకో వాగు అవతల ఉన్నవాణ్ణి ఇంకో ఊరివాళ్లు అలాగే పిలిచారు. వాళ్లకూ వీళ్లకూ ఏ చుట్టరికమూ లేదు. నేను ఊరుకోలేక, "అయితే వాళ్లకు మీరు పిల్లనిస్తారా?" అని అడిగాను. ఆయన తనకు పిల్లలు లేరనీ, తన తర్వాత దక్షిణాన ఆ పేరుతో ఇద్దరు ముసలివాళ్లే మిగులుతారనీ చెప్పి, ఎందుకలా అడిగావన్నాడు. మాలో ఇంటి పేరు ఒకటైతే అన్నదమ్ముల వరస అవుతుందనీ, ఒకరింట్లో చావైతే ఇంకొకరికి మైల పడుతుందనీ, పిల్లను ఇచ్చిపుచ్చుకోవడం ఉండదనీ వివరించాను. ఆయనకు ఇది ఎంత నచ్చిందంటే, ఆ వేసవిలో కారేసుకుని ఉత్తరానికి పోయి, సముద్రపు ఒడ్డు వాళ్ల తలుపు తట్టి, హైదరాబాదులో ఒకడు మనం అన్నదమ్ములమంటున్నాడని చెప్పాడట. ఫొటో పంపాడు. అందరూ బీరు గ్లాసులు పట్టుకుని నవ్వుతున్నారు. ఒకరి ముక్కుకూ ఇంకొకరి ముక్కుకూ పోలిక లేదు.

ఇక నా సంగతి. మణికొండలో ఉండే నన్నూ, కొత్తగూడలో ఉండే ఒక అమ్మాయినీ ఆఫీసుకు తీసుకుపోయేది ఒకటే క్యాబు. ఆమె మా టీములోనే ప్రోగ్రాములు రాసేది. నేను ఆమె తప్పులు పట్టేవాణ్ణి. పట్టినవాటిలో సగం దాచిపెట్టి క్యాబులో చెవిలో చెప్పేవాణ్ణి. ప్రేమలేఖలు రాయడం చేతకానివాడికి ఇంతకంటే ఏం దారి ఉంటుంది? ఆమెది కరీంనగర్ వైపు, కులం కూడా మాదే. ఆ చివరి సంగతి కూపీ లాగి తెలుసుకున్న రోజున మా నాయనకు ఎలా చెప్పాలో వాక్యాలు కూడా తయారుచేసుకున్నాను. ఆమెకు ఎలా చెప్పాలో మాత్రం తయారుచేసుకోలేదు. ఆఫీసులో మన పేర్ల ముందు ఇంటి పేరు ఒక పొడి అక్షరంగా కూర్చుంటుంది. నా పేరు ముందున్న అక్షరమే ఆమె పేరు ముందూ ఉండేది. దాన్ని శుభశకునం అనుకున్నాను. ఎక్కడో జర్మనీలో వాగు అవతల ఉన్నవాడి పుట్టుక తెలుసుకున్న మేధావిని, పక్కసీటులో కూర్చున్న పిల్ల పేరులో ఆ ఒక్క అక్షరం వెనక ఏముందో అడగలేదు.

ఒకరోజు కొత్తగూడ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. ఉద్యమంలో అదొక పద్ధతి. రోడ్డు మీదే రాళ్లు పెట్టి పొయ్యిలు వెలిగించి, వండి, అక్కడే బంతి కూర్చుని తింటారు. బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. మా క్యాబూ ఆగింది. దిగి నిలబడ్డాను. కండువా వేసుకున్న ఒక పెద్దమనిషి వచ్చి, "ఏ ఊరు బిడ్డా మీది?" అన్నాడు. కోపం లేదు, మామూలుగానే అడిగాడు. కానీ నేను నోరు తెరిస్తే కడప వినిపిస్తుంది. ఏదో ఒకటి చెప్పాలి. మా ఇంటి పేరు నిజానికి ఒక ఊరి పేరు. అదే పేరు జూబ్లీ బస్టాండులో కరీంనగర్ పోయే బస్సు బోర్డు మీద చూసిన గుర్తు. అంతే, ఆ ఊరి పేరు చెప్పి, "మా ఇంటి పేరే అది సార్. మా పెద్దోళ్లు ఆ ఊరునించే కరువుకు కిందికి పోయినారంట" అనేశాను. అలాంటి మాట మా ఇంట్లో ఎవరూ ఏనాడూ అనలేదు.

పెద్దమనిషి ముఖం వెలిగిపోయింది. "గది మా ఇంటి పేరు గదనయ్యా" అని నన్ను దగ్గరికి లాక్కున్నాడు. "చూసిన్రా, మనోడే. ఎన్నడో పోయిన మా అన్నదమ్ముల బిడ్డ, మళ్ల మన జాగకే వచ్చిండు" అని నలుగురికీ చూపించాడు. చెయ్యి పట్టుకుని తీసుకుపోయి బంతిలో కూర్చోబెట్టి విస్తరి వేయించాడు. "బిడ్డా, అన్నకు జర పచ్చిపులుసు పొయ్యి" అని వెనక్కి తిరిగి కేకేశాడు. గరిటె పట్టుకుని వచ్చినామె ముఖం చూశాను. ఆ రోజు ఆఫీసుకు సెలవు పెట్టిన మా క్యాబు అమ్మాయి. పెద్దమనిషి ఆమె తండ్రి, రిటైరైన స్కూలు మాస్టారు, భార్య పోయి చాలా ఏళ్లయింది.

పచ్చిపులుసు బ్రహ్మాండంగా ఉంది. అదొక్కటే ఆ పూట నాకు కలిగిన సుఖం.

తర్వాత మాస్టారు నన్ను వదల్లేదు. ఆదివారమొస్తే భోజనానికి రమ్మనేవాడు. పోయేవాణ్ణి, పిల్లను చూడొచ్చన్న ఆశతో. ఆమె "అన్నా" అంటే ఆట పట్టిస్తోందనుకునేవాణ్ణి. రాఖీ పండుగనాడు జ్వరమని సెలవు పెట్టి మణికొండ గదిలో తలుపేసుకుని కూర్చున్నాను. మర్నాడు క్యాబులో ఆమె ఒక చేత్తో జ్వరం మాత్ర, ఇంకో చేత్తో రాఖీ తీసింది. మాత్ర ముందు మింగించి, రాఖీ తర్వాత కట్టింది. దాన్ని కూడా వేళాకోళంగానే లెక్కేసుకున్నాను. ఆశ ఉన్నవాడికి అన్నీ వేళాకోళంగానే కనిపిస్తాయి.

చివరికి మా నాయనకు ఫోన్ చేశాను. మా నాయన సమైక్యవాది. తెలుగోళ్లంతా ఒకటేనని టీ అంగడి దగ్గర రోజూ వాదించి గొంతు పోగొట్టుకుని వచ్చేవాడు. పిల్ల సంగతి చెప్పాను, తెలంగాణ అని చెప్పాను. "అయితే ఏమిరా, మనమంతా ఒకటే గదా" అన్నాడు. ఇంటి పేరు చెప్పాను.

"ఒకటే ఇంటి పేరయితే నీకు చెల్లెలవుతుంది గదరా."

"కాదు నాయనా. వాళ్లు వేరు, మనం వేరు. వాళ్ల చరిత్ర వేరు, మన చరిత్ర వేరు. ఎప్పుడూ కలిసి లేము."

"ఏమిరా, ఉద్యమంలో గాని చేరినావా?" అన్నాడు మా నాయన.

నిజంగానే చేరినట్టయింది. నాకంటే గట్టిగా విభజన కోరుకున్నవాడు ఆ రోజుల్లో హైటెక్ సిటీ మొత్తంలో లేడు. మా ఇంటి పేరుగల ఊరు కడప జిల్లాలో ఒకటి, కరీంనగర్ జిల్లాలో ఒకటి వేర్వేరుగా ఉన్నాయని రూఢి చేసుకున్నాను. జర్మన్ పెద్దాయన ఇంటి పేరు పటాన్ని ఆఫీసులో రంగుల్లో ప్రింటు తీశాను. పక్కనే మన రాష్ట్రం పటం పెట్టి రెండు ఊళ్లకూ రెండు ఎర్ర చుక్కలు పెట్టాను. ఒక ఆదివారం వాటిని పట్టుకుని కొత్తగూడలో మాస్టారి ముందు కూర్చున్నాను.

వాగు అవతలివాడి కథ మొదట్నుంచీ చెప్పాను. మాస్టారు కళ్లద్దాలు సవరించుకుని, పిల్లవాడి జవాబుపత్రం దిద్దినంత శ్రద్ధగా పటం చూశాడు. నేను ముగించాక పకపకా నవ్వాడు.

"మీరు వేరు, మేము వేరని ఇన్నేండ్ల సంది గొంతు చించుకుంటున్న. అటు దిక్కునోడు ఒక్కడన్న ఒప్పుకోలే. ఇయ్యాల నువ్వొక్కనివి పటాలు పట్టుకొచ్చి మరీ చెప్తున్నవ్. సంతోషం. గని గిదంతా నాకెందుకు చెప్తున్నవ్?"

చెప్పాను. కరువుకు పోయిన పెద్దోళ్ల కథ నేను అప్పటికప్పుడు అల్లిందన్నదీ చెప్పాను. ఆయన నవ్వు ఆగిపోయింది. కోపమొస్తుందనుకున్నాను, రాలేదు. పటాలు మడిచి నా చేతికిచ్చి, "ఇంటి పేరుదేముంది, నువ్వు చెప్పింది నిజమే. నేను అడ్డం రాను. పిల్లనడిగినవా?" అన్నాడు.

అడగలేదు. అందరికీ రుజువులు చూపించాను. కడపలో రుజువు చేశాను, కొత్తగూడలో చేశాను. రోజూ అరగంట పక్కన కూర్చునే మనిషిని ఒక్క మాట అడగలేదు.

ఆమె వంటింటి గడపలో నిలబడి అంతా వింటోంది. వచ్చి తండ్రి పక్కన కూర్చుంది. ఆమె గొంతులో ఎగతాళి లేదు, అదే నాకు భయమేసింది.

"నాకు తోడబుట్టినోళ్లు లేరు. బాపు నిన్ను రోడ్డు మీద మనోడని పట్టుకున్ననాడు నాకు మస్తు సంబరమైంది. అంతకుముందు గీ మాట అడిగితే ఏమంటుంటినో తెల్వదు, మంచిగనే అంటుంటినేమో. ఇంటి పేరు పట్టించుకునేదాన్ని గాదు. ఇప్పుడైతే నువ్వు నాకు అన్నవే. ఊకె అంటలేను."

నాకు చాలా బాధ కలిగింది. దాన్ని దాచుకోవడానికి ఆకలేస్తోంది, అన్నం పెట్టమన్నాను. పెట్టింది.

రాష్ట్రం వచ్చింది. మా నాయన రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట. ఆ మరుసటి ఏడు ఆమెకు వరంగల్ అబ్బాయితో సంబంధం కుదిరింది. పెళ్లికి పోకూడదనుకుంటూనే పోయి, భోజనాల హాలుకు దగ్గరగా, తప్పించుకోవడానికి వీలుగా ఒక కుర్చీ చూసుకున్నాను. హోమం దగ్గర పురోహితుడు, పేలాలు పోయాలి, అమ్మాయి అన్నదమ్ములెవరో రమ్మన్నాడు. ఆడపిల్ల దోసిట్లో పేలాలు పోయవలసింది ఆమె ఇంటి పేరున్న అన్నో తమ్ముడో. ఎవరూ లేవలేదు. మాస్టారు మండపం పక్క నుంచి కుర్చీలన్నీ వెతికి నా దగ్గర ఆగాడు. పిలవలేదు, ఊరికే చూశాడు.

పోయాను. తొందరపడి సగం పేలాలు చాప మీద పోశాను. ఆమె తలెత్తకుండానే "నిమ్మలంగ" అంది. మిగిలినవి సరిగ్గానే పోశాను. ఆ పూటతో ఆమెకు ఇంటి పేరు మారింది. ఆ ఇంట్లో ఆ పేరుగలవాడు మాస్టారు ఒక్కడే మిగిలాడు.

అప్పగింతలయ్యాయి. పెళ్లికొడుకు నా చెయ్యి పట్టుకుని "పోయొస్తం బావా" అన్నాడు. జాగ్రత్తగా చూసుకోమన్నాను. అది అన్నలు అనే మాటని అనేశాక గానీ తెలియలేదు. వాళ్ల కారు గేటు దాటి రోడ్డెక్కేదాకా మాస్టారు నా పక్కనే నిలబడ్డాడు. ఆ తర్వాత కండువాతో ముఖం తుడుచుకుని, "ఇంట్ల ఎవ్వరు లేరు. పా, పోదం" అన్నాడు. బండి తీశాను. మణికొండ వైపు తిప్పలేదు.