సవిత విజిల్

సవిత పేరెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నిజామాబాద్‌లో బీడీలు చుట్టే పెంటవ్వ కూతురు, జిల్లాలో రగ్బీ రెఫరీ. నేను బోధన్‌లో ఆడపిల్లల జట్టుకు కోచ్‌ని.

మా ఆటలో స్క్రమ్ అని ఒకటుంది. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు వంగి, భుజాలు కలిపి నెట్టుకుంటారు. పక్కన నిలబడ్డ ఒకామె వాళ్ల మధ్య సందులోకి బంతిని తిన్నగా వెయ్యాలి. తనవాళ్ల కాళ్ల వైపు వేస్తే తప్పు, బంతి అవతలి జట్టుకు పోతుంది. రూలు అదే, పట్టించుకునేదెవరు? అందరూ వంకరగానే వేస్తారు, రెఫరీలు చూసీ చూడనట్టు ఊరుకుంటారు. సవిత ఒక్కతే ఊరుకోదు.

ఇద్దరం ఒకే గల్లీలో పెరిగాం కాబట్టి ఆమె సంగతి నాకు తెలుసు. చిన్నప్పుడు తల్లి వెంట బీడీల కార్ఖానాకు పోయేది. అక్కడ బీడీలు తనిఖీ చేసేవాడు తనకు కావలసినవాళ్ల వంకర బీడీలు తీసుకొని, పెంటవ్వ చుట్టిన మంచివి పక్కన పారేసేవాడు. అన్యాయమే, కాదనను. ఆ కోపం ఇరవై ఏళ్ల తర్వాత మా పిల్లల మీద తీర్చుకోవడమేమిటి?

మొన్న రాష్ట్ర జట్టుకు ఎంపిక మ్యాచ్ జరిగింది, రెఫరీ సవితే. మా జట్టులో బంతి వేసేది అఖిల, చెరుకు రైతు భోజన్న బిడ్డ. ఎంపికైతే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు, లేకుంటే చదువు బంద్ అని భోజన్న ముందే చెప్పేశాడు. ఆట మొదలయ్యే ముందు సిగ్గు చంపుకొని సవిత దగ్గరికి పోయాను.

“చెల్లెవనుకొని అడుగుతున్న. బాల్ జర అటో ఇటో అయితే సూసీ సూడనట్టుండు. పిల్ల బతుకు.”

“నడిమిట్ల ఎయ్యమను నాగేందరన్నా. నేనెందుకు ఊదుత?”

ఐదుసార్లు ఊదింది. అవతలి జట్టు మీదా రెండుసార్లు ఊదింది, దాంతో నాకేం ఒరిగింది? ఐదోసారి చేజారిన బంతితోనే ఓడాం. ఎంపికైనవాళ్లలో అఖిల పేరు లేదు.

అందరి ముందూ సవితను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె నా వైపు చూడనైనా లేదు. నేరుగా అఖిల దగ్గరికి పోయింది.

“నీ చేతులు మంచిగున్నయి బిడ్డా. బాల్ గట్ల ఎయ్యమని ఎవరు నేర్పిండ్రు?”

మూడేళ్లుగా రోజూ పొద్దున్నే గ్రౌండ్‌లో నిలబెట్టి, రెఫరీ కంట పడకుండా వంకరగా ఎలా వెయ్యాలో నేర్పింది నేనే. అఖిల ఒకసారి నా వంక చూసి తల దించుకుంది.

“ఎవరు నేర్పలేదక్కా. నాకే సక్కగ రాలే.”

నేను బంతి తీసుకొని గ్రౌండ్ బయటికి నడిచాను. నేర్పింది నేనేనని భోజన్నకు కూడా ఇంతవరకు చెప్పలేదు.