పొద్దున్నుంచి ఏం ముట్టుకున్నావు?

సిస్టరమ్మ పోయారన్న కబురు మా ఆఫీసు మెయింటెనెన్సు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. నాలుగో అంతస్తులో ఏసీ చల్లబడటం లేదన్న ఫిర్యాదుకీ, లిఫ్టు రిపేరు నోటీసుకీ మధ్య ఇరుక్కుని ఉంది ఆ మెసేజి. దాని కింద వరసగా దణ్ణాలు పెట్టే బొమ్మలు పడ్డాయి. నేను అలవాటు కొద్దీ ‘ఓం శాంతి’ అని కొట్టి, ఆవిడ ఏ ఆదివారమూ చర్చి మానని మనిషని గుర్తొచ్చి చెరిపేశాను. ఇంకేం రాయాలో తోచలేదు. ఏసీ చూడమని మనిషిని పంపించి, బాత్రూములోకి వెళ్ళి గడియ పెట్టుకుని ఏడ్చాను.

ఆవిడ మా భవనంలో నర్సు. హైటెక్ సిటీ రోడ్డు మీద పద్నాలుగు అంతస్తుల అద్దాల మేడ మాది. ఏ మేడో చెప్పక్కర్లేదు, ఆ రోడ్డున అన్నీ ఒక్కలాగే ఉంటాయి. దాని నీళ్ళూ లిఫ్టులూ చీపుళ్ళూ తాళాలూ చూసుకునే అడ్మిన్ మేనేజర్ని నేను. కింది అంతస్తులో, సెక్యూరిటీ గది పక్కన ఫస్ట్ ఎయిడ్ గది ఉంటుంది. రెండు మంచాలు, ఒక బీపీ మిషను, ఒక చిన్న ఫ్రిజ్. తొమ్మిదేళ్ళు ఆ గది ఆవిడది. రెండేళ్ళ కిందట రిటైరై వెళ్ళిపోయారు.

ఆ గదికి వచ్చే సాఫ్ట్‌వేర్ పిల్లలకి ఉండేవి తలనొప్పులు, గ్యాసు, అప్రైజల్ ముందు గుండెదడ. ఎవరొచ్చినా ఆవిడ ముందు ‘ఎక్కడ నొప్పి’ అని అడిగేవారు కాదు. “పొద్దున్నుంచి ఏం ముట్టుకున్నావు నాన్నా?” అనేవారు. కీబోర్డు ముట్టుకున్నామని పిల్లలు నవ్వేవాళ్ళు. ఆవిడ నవ్వకుండా రిజిస్టరులో రాసుకునేవారు. కీబోర్డు, కీబోర్డు, కీబోర్డు, ఆవకాయ, మళ్ళీ కీబోర్డు. ఆ రిజిస్టరు చూసి నేనెన్నిసార్లు వెక్కిరించానో. నా నోటి దురుసు మా ఆఫీసంతా ఎరుగుదురు. ఆవిడ దగ్గర మాత్రం అది పారేది కాదు.

మా దగ్గరికి రాకముందు ఆవిడ ఊరికి ఆ చివర ఒక రసాయనాల ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో ఇరవై ఏళ్ళు చేశారు. ఆ ప్రశ్న అక్కడిదేనట. “అక్కడ మనుషులు నొప్పి చెప్పరమ్మాయ్, డ్యూటీ పోతుందని భయం. ఏం ముట్టుకున్నారంటే మాత్రం చెప్పేస్తారు,” అన్నారొకసారి.

అక్కణ్ణుంచి తెచ్చుకున్న అలవాటు ఇంకొకటి ఉండేది. మా హౌస్‌కీపింగ్ ఆడవాళ్ళు టాయిలెట్లు కడిగే యాసిడ్ చేతుల మీదో పాదాల మీదో చిందించుకుని వచ్చేవాళ్ళు. యాసిడ్ పడితే కుళాయి కింద పావుగంట ఉంచాలి. పావుగంటంటే మాటలా? రెండు నిమిషాలకే, ఇగ తగ్గింది పోతనమ్మా అని చెయ్యి లాక్కునేవాళ్ళు. అప్పుడు ఆవిడ, వాచీ లోపలివైపుకి తిప్పి పెట్టుకున్న చేత్తో ఆ చేతిని నీళ్ళలో పట్టుకుని, ఏ ఊరు మీది అని మొదలుపెట్టేవారు. ఇంట్లో ఎవరెవరుంటారు, పెద్దదాన్ని ఎక్కడిచ్చారు, అల్లుడు ఏం చేస్తాడు. ఆ మనిషి చెప్పుకుంటూ చెప్పుకుంటూ ఆడబిడ్డ పెళ్ళి దాకా వచ్చేసరికి పావుగంట అయిపోయేది. నీళ్ళు పోయడం ఎవరికైనా చేతనవును, మనిషిని నిలబెట్టడమే వైద్యం అనేవారు ఆవిడ. ఆ భవనంలో పనిచేసే వాళ్ళందరి ఊళ్ళూ ఆవిడకి తెలుసు. నాకు వాళ్ళ బ్యాడ్జి నంబర్లు తెలుసు.

ఒకసారి మందుల జాబితాలో ‘కాల్షియం గ్లూకోనేట్ జెల్లు’ అని రాసి పంపారు. నేను కొట్టేశాను. సాఫ్ట్‌వేర్ ఆఫీసులో అదెందుకని అడిగితే ఆవిడ నా గదికే వచ్చి కూర్చున్నారు. మన బిల్డింగుకి అద్దాలున్నాయి కదా, వాటి మీద బోరు నీళ్ళ మరకలు, ఎదుటి కట్టడం సిమెంటు మరకలు పడుతున్నాయి కదా, వాటిని దేంతో తీస్తున్నారో ఎప్పుడైనా చూశావా అని అడిగారు. చూడలేదన్నాను.

అప్పుడు చెప్పారు. అలాంటి మరకలు తీసే మందుల్లో కొన్నిట్లో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉంటుందట. దాన్ని గాజు సీసాలో పొయ్యరు, సీసానే తినేస్తుంది. మామూలు యాసిడ్ చర్మం మీద పడగానే భగ్గుమంటుంది, మనిషి ఎగిరి కుళాయి దగ్గరికి పరిగెడతాడు. ఇది పల్చగా ఉంటే చప్పుడు చెయ్యదు. గంటలు గడిచాక, లోపలికి దిగి ఎముక దగ్గరికి చేరాక, అప్పుడు నొప్పి మొదలవుతుంది. ఒంట్లో ఉన్న కాల్షియాన్ని అది పట్టేసుకుంటుంది, ఎక్కువైతే గుండె ఆగుతుంది. ఆ జెల్లులో ఉండే కాల్షియమే దానికి విరుగుడట. “గాజునే తినేదానికి ఎముకొక లెక్కా అమ్మాయ్? నొప్పి ఆలస్యంగా వస్తుంది. మందు ముందే ఉండాలి,” అన్నారు.

ఆ జెల్లు తెప్పించాం. ఫ్రిజ్ తలుపు అరలో, నా పెరుగన్నం డబ్బా పక్కన పెట్టారు. దాంతో ఆవిడ ఊరుకోలేదు. పేరు తెలియని డబ్బా ఏదీ గేటు దాటకూడదని నా చేత రూలు పెట్టించారు. లోపల ఏముందో చెప్పే కాగితం ఉండాలి, దాన్ని చూసి గేటు పాసు మీద నేను సంతకం పెట్టాలి. అద్దాలు తుడిచేవాళ్ళకి మోచేతి దాకా వచ్చే మందపు గ్లౌజులు ఇప్పించి, సబ్బుకైతే పల్చటివి చాలు, యాసిడ్‌కైతే ఇవే అని నేర్పారు. ఆ రోజు బేస్‌మెంటులో అందర్నీ నిలబెట్టి నేనూ ఒక ఉపన్యాసం దంచాను. నా సంతకం ఉందంటే అందులో ఏముందో నాకు తెలిసినట్టే, మీరు నిశ్చింతగా ఉండండి అన్నాను. ఆ మాట అనేటప్పుడు నన్ను చూసి నాకే ముచ్చటేసింది.

తర్వాత ఏం జరిగిందో ఇప్పుడు రాయాలి. ఈ నివాళి రాయడానికి ఇన్ని రోజులు పట్టింది దీనివల్లే.

నాలుగేళ్ళ కిందట విదేశీ క్లయింట్లు వస్తున్నారని పైనుంచి ఒకటే హడావిడి. ముందువైపు అద్దాల మీద తెల్లటి మరకలు. కాంట్రాక్టు సూపర్‌వైజరు వచ్చి, ఒక్క తుడుపుతో పోగొట్టే మందు తెప్పించానన్నాడు. గేటు దగ్గర ఆపేశారు, కాగితం లేదని. కాగితం రేపు వస్తుందన్నాడు. క్లయింట్లు ఇవాళ వస్తున్నారు. అందులో ఏముందని అడిగాను. కొంచెం స్ట్రాంగే మేడం, సబ్బని రాసెయ్యండి అన్నాడు. నేను గేటు పాసు మీద ‘గ్లాస్ క్లీనింగ్ సోప్’ అని నా చేత్తో రాసి, కింద సంతకం పెట్టాను. అర నిమిషం కూడా పట్టలేదు. అది సబ్బు కాదని నాకు తెలుసు.

మధ్యాహ్నానికి అద్దాలు తళతళలాడాయి. మెచ్చుకుంటూ నాకు మెయిలు కూడా వచ్చింది.

నాలుగు గంటలకి, అద్దాలు తుడిచిన వాళ్ళలో ఒకతను ఫస్ట్ ఎయిడ్ గదికి వచ్చాడు. పరిగి వైపు అతను, పుప్పాలగూడలో నలుగురితో కలిసి గది అద్దెకి తీసుకుని ఉండేవాడు. వేళ్ళు నొప్పిగా ఉన్నాయి, ఒక గోలీ ఇస్తే పోతానన్నాడట. పైకి ఏమీ లేదు, వేలికొసలు కొంచెం పాలిపోయాయంతే. ఇంకెవరైనా గోలీ ఇచ్చి పంపేవాళ్ళు. ఆవిడ ఎప్పటి ప్రశ్నే అడిగారు.

“సబ్బే అమ్మా. గేటు కాయితంల గదే రాసుండె.”

నొప్పి చర్మం మీదా లోపలా అని అడిగారు.

“బొక్కల గుంజుతున్నదమ్మా.”

ఆవిడ కాగితాన్ని నమ్మలేదు, ఎముకనే నమ్మారు. కుళాయి కింద పెట్టి ఏ ఊరు అని మొదలుపెట్టారు గానీ ఆ రోజు ఊరి కథ పూర్తి కానివ్వలేదు. దీనికి నీళ్ళు ఐదు నిమిషాలు చాలు, జెల్లు తొందరగా పడాలి. తను గ్లౌజులు వేసుకుని అతని వేళ్ళకి జెల్లు రుద్ది, ఇంకో గ్లౌజు నిండా జెల్లు నింపి అతని చేతికి తొడిగి, ఆసుపత్రికి ముందే ఫోను చేసి ఫలానా యాసిడ్ అనుకుంటున్నానని చెప్పి, అంబులెన్సులో తనూ ఎక్కారు. అందులోంచి నాకు ఫోను చేశారు.

“ఆ డబ్బాలో ఏముంది? నీకు తెలుసా?”

నేను, సబ్బే అనుకుంటానండీ, సూపర్‌వైజర్ని కనుక్కుంటాను అన్నాను.

సబ్బు కాదు అని ఒక్క మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. అతని చెయ్యి ఏమవుతుందో అని కాదు, నా సంతకం ఏమవుతుందో అని ఆలోచించాను. సూపర్‌వైజరు ఫోను ఎత్తడానికి చాలాసేపు పట్టింది. ఆ మందు పేరు కనుక్కుని నేను తిరిగి ఫోను చేసేసరికి అక్కడ వైద్యం మొదలైపోయింది. ఆవిడ నా జవాబు కోసం ఆగలేదు కాబట్టి సరిపోయింది.

గోళ్ళు ఊడిపోయాయి. కుడి చూపుడు వేలు పై కణుపు తీసేశారు. మర్నాడు పొద్దున వచ్చి ఉంటే చెయ్యే కాదు, మనిషి కూడా దక్కేవాడు కాదేమో అన్నారట డాక్టరు. కాంట్రాక్టు వాళ్ళు సూపర్‌వైజర్ని తీసేసి, పరిహారం ఇచ్చి ఊరుకున్నారు. గేటు పాసు ఎవరూ అడగలేదు. మూడో రోజు సిస్టరమ్మ దాన్ని ఫైల్లోంచి తీసుకొచ్చి నా బల్ల మీద పెట్టారు.

“నీ చేతిరాత నాకు తెలుసు. నేను దీన్ని చించను, ఎవరికీ ఇవ్వను. వాడికి నువ్వే చెప్పాలి.”

అరిచి ఉంటే బాగుండేది. ఆవిడ చిన్న విషయాలకి మహా అరిచేవారు, డస్ట్‌బిన్‌లో సూది కనిపిస్తే ఆ రోజు మా పని అయిపోయేది. దీనికి అరవలేదు. ఆవిడ చేసింది సరైన పనేనా అని ఇప్పటికీ నాకు సందేహం. పై వాళ్ళకి ఇచ్చి ఉంటే నా ఉద్యోగం పోయి ఉండేది, నేను కొంచెం నిద్రపోయి ఉండేదాన్ని.

నేను చెప్పలేదు. అతను పక్క కాంప్లెక్సులో తోటపనికి చేరాడు. ఎప్పుడైనా ఎదురైతే నమస్తే మేడం అనేవాడు, నేను ఫోను చూసుకుంటూ తలూపేదాన్ని. రిటైరైన రోజున కేకు కోశాక సిస్టరమ్మ నన్ను పక్కకి పిలిచి, చెప్పావా అని అడిగారు. చెప్తానండీ అన్నాను. ఆ తర్వాత ఆవిడకి కిడ్నీల జబ్బు ముదిరి డయాలసిస్ మొదలైంది. ఒకసారి వచ్చి పొమ్మని రెండుసార్లు కబురు పెట్టారు. గోపన్‌పల్లిలో మా ఇంటి నుంచి శేరిలింగంపల్లిలో ఆవిడ ఇంటికి ఎంతసేపని? ఆ ప్రశ్న మళ్ళీ అడుగుతారని భయపడి వెళ్ళలేదు. ట్రాఫిక్ అని చెప్పాను.

సమాధుల తోటలో బుధవారం ప్రార్థన జరిగింది. మా హౌస్‌కీపింగ్ వాళ్ళు, ఆవిడ పాత ఫ్యాక్టరీ వాళ్ళు, చాలామంది వచ్చారు. పెట్టె కిందికి దించాక ఒక్కొక్కరూ పిడికెడు మట్టి వేస్తున్నారు. నా ముందు నిలబడ్డది అతనే. కుడిచేత్తోనే తీసుకున్నాడు. పొట్టిగా ఉన్న ఆ వేలి పక్కనుంచి కొంచెం మట్టి జారింది. మళ్ళీ వంగి ఇంకొంచెం తీసుకుని వేశాడు.

గేటు దగ్గర కుళాయి ఉంది. అతను చేతులు కడుక్కుంటుంటే వెళ్ళి పక్కన నిలబడ్డాను. అతను ఆపకుండా కడుగుతూనే ఉన్నాడు, ఆవిడ నేర్పిన తీరులో, వేళ్ళ సందులు, మణికట్టు. ఆ కాగితం మీద సబ్బు అని రాసింది నేనే అన్నాను. అది సబ్బు కాదని తెలిసే రాశానన్నాను.

“ఎరుకే మేడం. సూపర్‌వైజర్ ఆ కాయితం నా చేతికే ఇచ్చిండు. గేటు కాడ చూపెట్టి డబ్బా తెచ్చింది నేనే.”

నాలుగేళ్ళూ ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను.

“నన్నెవరడిగిన్రు?” అన్నాడు. నా వైపు చూడకుండానే ఇంకో మాట అన్నాడు. “పెద్ద గ్లౌజులు సంచిలనే ఉండె మేడం. మీ సంతకం ఉన్నది గదా అని తియ్యలే.”

క్షమించమని నేను అడగలేదు. అతను కుళాయి కట్టెయ్యలేదు. పక్కకి జరిగి, మీ చేతులకి కూడా మట్టి ఉంది, కడుక్కోండన్నట్టు చూపించాడు. నీళ్ళలో పెట్టి వెంటనే తీసెయ్యబోయాను, అక్కడినుంచి వెళ్ళిపోవాలని.

“మీదే ఊరు మేడం?” అని అడిగాడు.

ప్రొద్దుటూరు పక్కన ఒక పల్లె అన్నాను. ఇంట్లో ఎవరెవరుంటారని అడిగాడు. నేను చెబుతూ ఉన్నాను, మట్టి పోయి నీళ్ళు తేటబడ్డాక కూడా.